పసిఫిక్ నడుమ నొక కోరంగి

కాకినాడ నుండి యానాము పోవు బాటలో, తాళ్లరేవునకు చేరువగా, గౌతమీనది నుండి చీలివచ్చిన యొక చిన్న పాయ యొడ్డున కోరంగి యను గ్రామము కలదు. అది భూమధ్యరేఖకు ఉత్తరమున 17 డిగ్రీలకు కించిత్తు తక్కువ దూరమున నున్నది. ఇపుడు భూగోళపటమును భూమధ్యరేఖ వెంబడి మడిచి, ఉత్తరార్ధమును దక్షిణార్ధముపై పఱచి, ఆ యక్షాంశమునందే తూర్పుగా 67 డిగ్రీలకు పైగా జరుగుచు పోయినచో, ఆస్ట్రేలియా ఖండపు ఈశాన్యతీరమునకు 400 కిలోమీటరులకు పైబడిన దూరమున, పసిఫిక్ మహాసముద్రములో పగడాల సముద్రమని పేరొందిన భాగమున, రెండు చిన్న యిసుక దిబ్బలు తటస్థపడును. సామాన్యమైన పటములలో వానికి చుక్క పెట్టుటకైనను చోటు చాలదు. నౌకాపటములలో మాత్రము వానికి పేరు కలదు. ఆ పేరు కూడ కోరంగియే.

నేను నివసించు మల్కాజ్‌గిరికిని సముద్రమునకును ఏ సంబంధమును లేదు. మా చెరువుల నీరు మూసీలో కలిసి, మూసీ వాడపల్లి కడ కృష్ణలో కలిసి, ఎన్ని దినములకో సాగరమును చేరవలసినదే. మేడపై నిలిచి చూచినచో కనబడునది మౌలాలి గుట్ట; 250 కోట్ల సంవత్సరముల ప్రాచీనత గల నల్లసేనపు రాతి నేల యిది. ఇట్టి వృద్ధభూమిపై పుట్టి పెరిగినవానికి, భూమి యనునది నిన్న మొన్న పుట్టవచ్చుననియు, పెరుగవచ్చుననియు, రేపు నశింపవచ్చుననియు తోచుట కష్టము. అయినను రాత్రివేళ మౌలాలి మీదుగా గోదావరి తీరమునకు సాగిపోవు గౌతమీ ఎక్స్‌ప్రెస్సు కూత విన్నప్పుడెల్ల ఆ రైలు కడపటి స్టేషనుకు సమీపముననే యున్న కోరంగియు, దానితోడనే దాని పేరు మోయుచున్న ఆ దూరపు దిబ్బలును నా మనస్సున మెదలుచుండును. పేరులకు కూడ ఆయుర్దాయము, ప్రయాణము, అరుగుదల కలవు. మల్లికార్జునగిరియే జనుల నోట నలిగి నలిగి మల్కాజ్‌గిరి యయినదని మా పెద్దలు చెప్పుదురు. కోరంగి పేరు మాత్రము నలుగకుండ నిలిచినదిగాని, ఊరు విడిచి పోయినది.

పోయిన మార్గమేది యన్నచో, ఒక యోడ. కోరంగి ప్యాకెట్ అను నొక ఆంగ్లేయుల బ్రిగ్గు, అనగా రెండు కొయ్యల తెరచాప నౌక, 1845వ సంవత్సరమున పగడాల సముద్రములో చిల్కాట్ అను దిబ్బ కడ దిబ్బచుట్టునున్న పగడపుగట్టుకు తగిలి భగ్నమయినది. ప్యాకెట్టన నుత్తరములను, సరకులను, బాటసారులను నిర్ణీతపు రేవుల నడుమ మోయు నౌకకు ఆ కాలపు పేరు. ఆ నౌక శిథిలమైన తావునకు ఆ నౌక పేరే నిలిచెను. చిల్కాట్ దిబ్బ, దానికి నైరుతిగా నున్న మఱియొక దిబ్బ, ఈ రెంటికిని కలిపి కోరంగి దీవులని నేటికిని వ్యవహారము.

గోదావరి ముఖద్వారమున నున్న రేవు పేరు మోయు నౌక ఆ సముద్రమున నేల తిరుగవలసి వచ్చెను అను ప్రశ్న సహజము. ఆనాడు సిడ్నీ నుండి హిందూదేశపు రేవులకు రాదలచిన నావికుడు, ఆస్ట్రేలియా తూర్పుతీరము వెంట ఉత్తరముగా సాగి, టారెస్ జలసంధిని దాటి, హిందూమహాసముద్రమున ప్రవేశించుట వాడుక. తీరమునకును మహా పగడపుగట్టుకును మధ్యనున్న ఇఱుకుదారిని పోవుటకు భయపడువారు గట్టునకు వెలుపల, విశాలముగా గన్పట్టు పగడాల సముద్రముమీదుగా పోవుచుండిరి. ఆ విశాలత్వము మోసకరమైనది. కిలోమీటరు లోతున నీలముగా నున్న నీరు, ఉన్నట్లుండి, నౌక పొడవంత దూరములో, మోకాలిలోతు పగడముగా మాఱును. కెరటము విఱుగు తెల్లదనము తప్ప వేఱు హెచ్చరిక లేదు. రాత్రివేళ అదియును కనబడదు. ఆస్ట్రేలియాను చుట్టివచ్చి పటము గీసిన మాథ్యూ ఫ్లిండర్స్ అంతటివాడే 1803 ఆగస్టులో ప్రయాణికుడుగా పోవుచున్న పోర్పాయిజ్ నౌక, దానితోడి కేటో నౌకయు, ఇదే సముద్రములో నొక గట్టుపై నొకే రాత్రి భగ్నములయ్యెను. తదుపరి బ్రిటిషు నౌకాదళమువారు కొలతలు గైకొని పటములు గీసిరి. 1850ల దశాబ్దమున కెప్టెన్ డెన్‌హామ్ నాయకత్వమున ఈ జలములను కొలిచిన హెరాల్డ్ నౌక పేరే కోరంగి దీవులకు పడమటనున్న దిబ్బల జంటకు నిలిచినది. ఈ సముద్రమున పేర్లన్నియు నిట్టివే. మునిగిన యోడ దొకటి, కొలిచిన యోడ దొకటి.

ఇక మాతృగ్రామము సంగతి. కోరంగి యొకప్పుడు తూర్పుతీరమున గొప్ప రేవు. నౌకలను కట్టుటకును, మరమ్మతు చేయుటకును పేరుగాంచినది. ఆ విద్యలో మిగిలినది తాళ్లరేవు ప్రాంతపు కొయ్యపడవల పనివారి చేతులలో నేటివఱకు నిలిచియున్నది. ఇచ్చటి నుండి బర్మాకు నౌకలెక్కిపోయిన మన కూలీలను, కళాసులను, వ్యాపారులను రంగూనులో కోరంగీలనియే పిలిచిరి. ఒక్క రేవు పేరు ఒక జాతి కంతటికిని పేరగుట ఆ రేవు గొప్పతనమునకు సాక్ష్యముగా నేను గ్రహింతును.

ఆ గొప్పతనమును సముద్రమును నదియును చేరి హరించినవి. 1789 డిసెంబరులో మూడు మహాతరంగములు వరుసగా వచ్చి ఊరిని ముంచెననియు, 20,000 మంది వఱకు మృతినొందిరనియు ఆనాటి వృత్తాంతములు చెప్పుచున్నవి. మరల 1839 నవంబరు 25న పెనుతుపాను. ఈ రెండవదానిలో మూడు లక్షల మంది మరణించిరని చాల పుస్తకములు వ్రాయుచున్నవిగాని, ఆ యంకె నాకు నమ్మదగినదిగా తోచదు. ఆ కాలపు కోరంగిలోను, చుట్టుపట్ల పల్లెలలోను కలిపి అంతటి జనముండెనని చెప్పుటకు ఆధారము చాలదు. ఒకరు వ్రాసినదానిని మఱియొకరు చూచి వ్రాయుటచేత స్థిరపడిన లెక్కలలో నిది యొకటి యనుకొందును. సంఖ్య యెంతైనను ఊరు మాత్రము మరల లేవలేదు. నది తెచ్చిన ఒండ్రు రేవుముఖమును పూడ్చెను. వర్తకము కాకినాడకు తరలెను.

కోరంగి విపత్తు విజ్ఞానశాస్త్రమునకొక మాటను ప్రసాదించినదని తలచుట తప్పు కాదు. కలకత్తాలో నౌకావిచారణ న్యాయస్థానమునకు అధ్యక్షుడైన హెన్రీ పిడింగ్టన్ బంగాళాఖాతపు తుపానుల వృత్తాంతములను, ఓడల దినచర్యలను ఏండ్ల తరబడి సేకరించి, గాలి సుడి తిరుగుచున్నదే గాని సూటిగా వీచుట లేదని నిర్ధారించి, 1848లో నావికుల కొఱకు ప్రకటించిన గ్రంథమున దానికి సైక్లోను అను పేరు పెట్టెను. పాముచుట్ట యను నర్థమిచ్చు గ్రీకుమాట దానికి మూలము. ఆ గ్రంథమున 1789 నాటి కోరంగి తరంగముల కథ కూడ కలదు. కోరంగి పేరుగల యోడ పగడాల సముద్రమున మునిగిన మూడేండ్లకే ఈ మాట పుట్టెను.

ఇపుడు మన రెండు కోరంగుల యక్షాంశములను మరల స్మరింపుడు. భూమధ్యరేఖకు మరీ దగ్గఱ సైక్లోను పుట్టదు, ఏలయన అచ్చట గాలిని సుడి త్రిప్పునట్టి భూభ్రమణప్రభావము లేదు. మరీ దూరమున పుట్టదు, ఏలయన అచ్చటి సముద్రమునకు తగినంత వేడిమి లేదు. ఈ రెంటికి నడుమ నున్న పట్టీలో, సైక్లోను బలిసి తిరుగాడు తావున, ఉత్తరమున నొక కోరంగియు, దక్షిణమున నొక కోరంగియు నున్నవి. అయితే అద్దములోని ప్రతిబింబము వలె అన్నియు తాఱుమాఱు. మన సైక్లోను గడియారపు ముల్లునకు ఎదురుగా తిరుగును. వారిది ముల్లుతోబాటు తిరుగును. మన కోరంగికి మే 8 ప్రాంతమునను, ఆగస్టు 4 ప్రాంతమునను సూర్యుడు నడినెత్తికి వచ్చును. ఆ కోరంగికి నవంబరు 8, ఫిబ్రవరి 4 ప్రాంతముల. పడమటగా పోవు సైక్లోను మన తీరమును దాటునప్పుడు కేంద్రమునకు ఉత్తరపుపార్శ్వమున గాలి సముద్రము నుండి నేలపైకి వీచి ఉప్పెనను తెచ్చును. ఆస్ట్రేలియా తూర్పుతీరమున దక్షిణపుపార్శ్వమున నది జరుగును.

కాలమానమున నొక వింత కలదు. మన దేశపు గడియారములన్నియు 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము ననుసరించి నడచుచున్నవి. ఆ రేఖ కాకినాడకు అతిచేరువగా పోవును గనుక, కోరంగిలో గడియారపు పన్నెండు ఇంచుమించుగా నిజమైన మధ్యాహ్నమే. ఆస్ట్రేలియా తూర్పురాష్ట్రముల గడియారములకు మూలము 150 డిగ్రీల రేఖ; కోరంగి దీవులు ఆ రేఖ మీదనే యున్నవని చెప్పవచ్చును. ఇచ్చట ఉదయము ఏడున్నర కాగా అచ్చట మిట్టమధ్యాహ్నము. పేరు, అక్షాంశము, కాలరేఖ యిన్ని విధముల జతగూడుట కేవలము యాదృచ్ఛికము. దానిలో నే దైవసంకల్పమును వెదకనక్కఱలేదు. కాని ఒక ప్రాంతమును పోల్చి తెలిసికొనుటకు ప్రకృతియే చేసిపెట్టిన ప్రయోగము వంటిదిది. ఒకే వెలుగు, ఒకే వేడిమి, ఒకే గాలి పట్టీ. తేడా యెల్ల నేలలోనున్నది.

మన కోరంగి నేల నది తెచ్చిన నేల. నాసికము కడ త్ర్యంబకమున పుట్టిన గోదావరి, ఆఱున్నర కోట్ల సంవత్సరములకు పూర్వము దక్కను పీఠభూమిపై పొరలు పొరలుగా ప్రవహించి గడ్డకట్టిన లావారాతిని అరగదీసి, నల్లని బురదగా మార్చి, తెచ్చి సముద్రమున విడిచినది. అట్లు విడిచిన బురదయే డెల్టా. బురద చివర ఇసుక. ఆ యిసుకను కెరటములు నెట్టి నిలిపిన నాలుకయే కాకినాడ రేవునకు కవచమువలె నిలిచిన హోప్ ఐలాండు. దానికి వెనుక శాంతించిన నీటిలో మడచెట్లు వేళ్లూని, అడవియై, మఱింత బురదను పట్టుచున్నవి.

అచ్చటి కోరంగికి నది లేదు. బురద లేదు, మడచెట్టు లేదు, ఒక్క గులకఱాయి కూడ ఖండము నుండి వచ్చినది లేదు. ఇసుకరేణువు ప్రతిదియు ప్రాణి శరీరమున పుట్టినదే. దీని కథ మునుగుటతో ప్రారంభమగుచున్నది. సుమారు ఆఱు కోట్ల సంవత్సరములకు పూర్వము ఆస్ట్రేలియా ఈశాన్యపు అంచు చీలి, పగడాల సముద్రము తెఱచుకొన్నపుడు, ఖండమునుండి తెగిన యొక పెద్ద తునక క్వీన్స్‌లాండ్ పీఠభూమి యను పేర సముద్రములోనికి నిదానముగా దిగజాఱ మొదలిడెను. మన దక్కను లావా గడ్డకట్టి యెంతో కాలము గడువని రోజులవి. ఆ మునుగుచున్న పీఠభూమి శిఖరములపై రెండున్నర కోట్ల సంవత్సరముల నాడు పగడములు స్థిరపడినవి. నేల క్రుంగుచున్నకొలది పగడములు పైకి పెరిగినవి. క్రిందివి చచ్చి రాయి కాగా, పైవి వెలుతురుకై ప్రాకినవి. 1842లో చార్లెస్ డార్విన్, నిప్పుకొండ దీవులు క్రుంగుచుండగా వాని చుట్టు పగడపు వలయములు పెరుగునని ప్రతిపాదించిన సిద్ధాంతము జగద్విఖ్యాతము. ఇచ్చట క్రుంగినది నిప్పుకొండ కాదు, ఖండపు తునక, అయినను సూత్రమొక్కటియే. 1990లో అంతర్జాతీయ సముద్రగర్భ ఖనన కార్యక్రమపు నౌక ఈ పీఠభూమిపై తవ్వి తీసిన కంబములలో పొరపొరగా ఈ క్రుంగుడు చరిత్ర లిఖితమై యున్నది.

పగడమన చెట్టు కాదు, రాయి కాదు. గోరంతైన లేని, నోటిచుట్టు వ్రేళ్లు గల మెత్తని జీవుల సమూహము. ప్రతిజీవియు సముద్రజలమునుండి సున్నమును గ్రహించి తన చుట్టును గిన్నె కట్టుకొనును. దాని కణములలో సూక్ష్మశైవలములు వసించి, సూర్యరశ్మితో ఆహారము వండి, దానిలో అధికభాగమును ఆతిథేయికి చెల్లించును. కావుననే వెలుతురు చొరని లోతులలో గట్టుకట్టు పగడము బ్రదుకదు. గట్టు కట్టువారు వీరు. దానిని పొడిచేయువారు వేఱే కలరు. చిలుకముక్కు వంటి పళ్లు గల చేపలు పగడమును కొఱికి, శైవలమును జీర్ణించుకొని, సున్నమును తెల్లని యిసుకగా విడుచును. కెరటము ఆ యిసుకను, విఱిగిన పగడపు ముక్కలను, గవ్వలను, సూక్ష్మజీవుల పెంకులను త్రోసికొనిపోయి, గట్టు వెనుక నీటివడి తగ్గిన చోట విడిచిపెట్టును. నీటిమట్టమునకు పైకి వచ్చిన ఆ కుప్పయే దీవి. సముద్రమట్టము నేటి యెత్తునకు చేరి నిలిచి ఆఱేడు వేల సంవత్సరములు మాత్రమే యయినది. ఈ దిబ్బలన్నియు ఆ తరువాతివే. మన గోదావరి డెల్టా కూడ ఆ తరువాతనే ఇంతటి విస్తారము పొందినది. రెండు కోరంగులు ఈడుజోడు.

విస్తీర్ణమడిగినచో, ఒక్కొక్కటి కొన్ని పదుల యెకరములు. తీరికగా నడచినను అఱగంటలో చుట్టివచ్చుటకు వీలగును. ఎత్తు కొద్ది మీటరులు. పగడాల సముద్ర దీవుల భూభాగమను పేర ఆస్ట్రేలియా ప్రభుత్వము 1969లో చట్టముచేసి స్వీకరించిన జలవిస్తీర్ణము 7,80,000 చదరపు కిలోమీటరులు. అందలి దిబ్బలన్నింటిని ప్రోగుచేసినను 3 చదరపు కిలోమీటరుల నేల తేలదు. ఇంత యల్పమైన యిసుక పెనుగాలులను సహించి యెట్లు నిలిచినదని సందేహము కలుగును. సమాధానము లోతులోనున్నది. మన కోరంగి యెదుట సముద్రము ఒండ్రుచే మెఱకపడి లోతు తక్కువై యుండుటచేత, గాలి నెట్టిన నీరు పోవుటకు దారిలేక ఉప్పెనగా లేచును. ఆ కోరంగి చుట్టు గట్టు దాటగానే అగాధము. నెట్టబడిన నీరు అడుగునుండి జాఱిపోవును. కెరటము గట్టుమీదనే విఱుగును. రక్షింపవలసినదే ముంచుట, ముంచవలసినదే రక్షించుట ఈ రెండు చోట్లను చూచుచున్నాము.

అయినను నేల యున్నంతమాత్రమున జీవముండదు. మంచినీటి బుగ్గ లేదు, మన్ను లేదు, సున్నపుటిసుక యెండకు కాగును. అచ్చట మొలచిన మొక్కల పట్టిక చూచినప్పుడు నాకు కలిగిన యానందమును పాఠకునితో పంచుకొనక తప్పదు. ఉత్తరేణి! వినాయకచవితి పత్రిలో అపామార్గమని మనము పూజించునదే. మల్కాజ్‌గిరిలో కట్టక విడిచిన ప్లాటులలో, రైలుకట్ట వెంబడి, పంచెలకు చీరలకు అంటుకొను కంకులతో నిలిచియుండునదే. గంగవాయిలి కూర, అదియు కలదు. తుత్తురుబెండకు జ్ఞాతియైన పొద యొకటి, పల్లేరునకు జ్ఞాతి యొకటి, అటికమామిడికి జ్ఞాతి యొకటి. ఈ జాబితా యర్థరహితము కాదు. అంటుకొను గింజ, తేలు గింజ, పక్షి తిని విసర్జించు గింజ, ఇవి తప్ప మఱి యేవియు 400 కిలోమీటరుల ఉప్పునీటిని దాటలేవు. మన పెరటిలో కలుపుగా తోచు గుణమే ఆ దీవికి ప్రథమపౌరసత్వము నిచ్చెను.

వీనిలోనెల్ల విశిష్టమైనది పైసోనియా యను వృక్షము. అటికమామిడి, చంద్రకాంత, బోగన్‌విల్లా ఏ కుటుంబమువో యిదియు నదియే. మెత్తని కొయ్య, వెడల్పైన లేతపచ్చని యాకులు. గాలికి కొమ్మ విఱిగి నేలబడినచో అక్కడనే వేరు తన్నును. దీని కాయలు జిగురు పూసినట్లుండి సముద్రపక్షుల యీకలకు పట్టుకొనును. నాలుగైదు పట్టినచో పక్షి వానిని మఱియొక దీవికి మోసికొనిపోవును. గుత్తులు గుత్తులుగా పట్టినచో ఎగురలేక చెట్టు క్రిందనే ప్రాణము విడుచును. చచ్చిన పక్షి యెరువగుట చెట్టునకు లాభమని వెనుకటివారు కొందఱు తలచిరి. సేషెల్స్‌లోని కజిన్ దీవిలో జరిగిన ప్రయోగములలో అట్టి లాభమేమియు కనబడలేదు. చెట్టునకు కావలసినది బ్రతికి యెగురు పక్షియే. మరణము ఆ జిగురునకు చెల్లించు మూల్యము. పక్షులకును చెట్టు కావలెను. నల్ల నోడీలు, ఎఱ్ఱకాళ్ల బూబీలు, ఫ్రిగేటు పక్షులు దాని కొమ్మలపై గూడు కట్టును. ఫ్రిగేటు పక్షి సముద్రముపై బ్రదుకుచును నీటిపై వ్రాలలేదు, దాని యీకలు నీటికి తడియును. పెద్ద ఫ్రిగేటు రెండు నెలలపాటు నేల ముట్టక గాలిలో నుండగలదని ఇటీవల శాస్త్రజ్ఞులు నిరూపించిరి. అట్టిది కడకు విశ్రమించునది ఈ కొమ్మపైననే. దాని రెట్ట, మిగిలిన పక్షుల రెట్ట, రాలిన యాకులు కలిసి సున్నపుటిసుకను నల్లని మన్నుగా మార్చును. సముద్రములోని చేపల సారము పక్షి ద్వారా నేలకెక్కి అడవియగుట యిది.

ఇట్టి యడవి కోరంగి దీవులలో నైరుతిదిబ్బపై నుండెడిది. 1990ల దశాబ్దమున దానిపై నొక పొలుసుపురుగు దండెత్తెను. ఆకులకు అంటిపెట్టుకొని రసమును పీల్చుటయు, తేనెవంటి జిగటను స్రవించుటయు దాని పని. ఆ తీపికి చీమలు చేరి, పురుగునకు శత్రువులు రాకుండ కావలి కాసినవి. శతాబ్దము ముగియునప్పటికి నైరుతిదిబ్బపై పైసోనియా యొక్కటియు మిగులలేదు. వందల కొలది మైళ్ల సముద్రము కాపాడలేని దానిని, గోటిపై నిలుచు పురుగు నిర్మూలించెను. అడవి పోయిన చోట గడ్డియు, పొదలును మొలచినవి. చెట్టుపై గూడు కట్టు పక్షులకు మిగిలినది తీరమందలి వెండియాకుల పొదలే.

పొరుగున నున్న హెరాల్డ్ దిబ్బపై అడవికి కూడ ఆ గతియే పట్టనుండగా, శాస్త్రజ్ఞులు క్రిప్టోలీమస్ అను అక్షింతల పురుగును కొనిపోయి విడిచిరి. ఈ పేరు మన రైతులకు క్రొత్త కాదు. ఆస్ట్రేలియాలో పుట్టిన ఈ పురుగును 1898లోనే మన దేశమునకు తెచ్చి కాఫీతోటలలో విడిచిరి. పిదప ద్రాక్షతోటలలో పిండినల్లిని తినుటకు వ్యవసాయశాఖలవారు దీనినే ఇప్పటికిని సిఫారసు చేయుచున్నారు. హెరాల్డ్ దిబ్బపై దాని తోడ సూక్ష్మమైన పరాన్నజీవి కందిరీగలను కూడ వినియోగించిరి. ఆ దిబ్బ యడవి దక్కినది. ఒక పురుగు చేసిన యపకారమును మఱియొక పురుగుచే తీర్చుట అన్ని యెడల సుసాధ్యము కాదు, నిరపాయమును కాదు. తెచ్చిన పురుగే ముప్పైన చరిత్రలు లోకమున పెక్కు కలవు. ఇచ్చట మాత్రము ఎంపిక జాగ్రత్తగా జరిగినది, ఫలించినది.

తాబేళ్లకు ఈ దిబ్బలు పుట్టిల్లు. పచ్చతాబేలు రాత్రివేళ ఇసుకపై ప్రాకివచ్చి గుంట త్రవ్వి గ్రుడ్లిడును. మన హోప్ ఐలాండుపై ఆలివ్ రిడ్లే తాబేలు చేయునదియు నదియే. రెంటికిని పిల్లలు ఆడవో మగవో నిర్ణయించునది ఇసుక వేడిమియే. వేడిమి మించినచో అన్నియు ఆడపిల్లలే. కావున సముద్రమెంత కాగుచున్నదను ప్రశ్న ఇరుకోరంగులకును సంబంధించినది.

మనుష్యుడు ఈ జలములలో స్థిరముగా నుండిన చోటు ఒక్కటియే. కోరంగి దీవులకు ఉత్తరముగా 70 కిలోమీటరుల దూరమున నున్న విల్లిస్ దీవిపై 1921లో, అంటార్కిటికా యాత్రలలో ఆఱితేఱిన నావికుడు కెప్టెన్ జాన్ కింగ్ డేవిస్, వైర్‌లెస్ కంబము పాతి, సైక్లోనును తీరమునకు ముందుగా తెలియజేయవచ్చునా యని పరీక్షించుటకు స్వయముగా నివసించెను. పరీక్ష ఫలించినది, నాటి నుండి వాతావరణశాఖ ఉద్యోగులు నలుగురైదుగురు వంతులవారీగా నచ్చట కాపురముండిరి. 2011 ఫిబ్రవరి 2న యాసీ సైక్లోను ఆ దీవి మీదుగానే పోయెను. ఉద్యోగులను ముందుగానే తరలించిరి. వారు విడిచిన యంత్రము గంటకు 185 కిలోమీటరుల గాలిని నమోదుచేసి మూగవోయెను. 1789లో కోరంగివారికి కెరటము కంటబడువఱకు తెలియలేదు. నాటికిని నేటికిని నడుమ నున్న దూరమంతయు ఇట్టి యేకాంతపు దిబ్బలపై కూర్చుండి గాలిని వ్రాసికొన్నవారి కృషియే.

అయితే గాలిని హెచ్చరింపవచ్చును గాని వేడిమిని ఆపుట హెచ్చరికచే కాదు. వేసవిలో సముద్రము వాడుకకంటె ఒక్క డిగ్రీ పైగా కొన్ని వారములు కాగినచో, పగడము తనలోని శైవలములను వెడలగొట్టి తెల్లబడును. వేడిమి తగ్గక పోయినచో ఆకలిచే చచ్చును. 2016, 2017, 2020 సంవత్సరములలో పగడాల సముద్రమున ఇది జరిగినది. చచ్చిన పగడము క్రొత్తగా సున్నమును కట్టదు, కనుక కాలక్రమమున ఇసుకయు రాదు. ఇసుక రాని దిబ్బ సముద్రమట్టము పెరుగుచుండగా నిలువదు. మన డెల్టాకును ఇదే వ్యథ మఱియొక రూపమున నున్నది. ఆనకట్టల వెనుక ఆగిన ఒండ్రు తీరమునకు చేరక గోదావరి యంచులు కోతపడుచున్నవి. ఇచ్చట నదియు, అచ్చట పగడమును పోసిన నేల. పోయుట ఆగిననాడు రెండును కరగవలసినవే.

రెండు కోరంగులును నేడు అభయారణ్యములు. మనది 1978 జూలైలో, 235 చదరపు కిలోమీటరుల మేర. వారిది కోరంగి-హెరాల్డ్ పేర 1982 ఆగస్టులో. ఆ పేరు ఆస్ట్రేలియా శాసనములలోను, 2002 నుండి రాంసార్ చిత్తడినేలల అంతర్జాతీయ పట్టికలోను ఎక్కినది. ఆంగ్లాక్షరములనుండి తిరిగి తెలిగించు తొందరలో మనవారే దానిని కొరింగా యని వ్రాయుచుండుట నేను చూచితిని. అది మన పేరు. దానికి తెలుగులో వ్రాతరూపము ముందే కలదు. పాఠశాలలకు పటములు ముద్రించువారు, భూగోళపాఠములు వ్రాయువారు, దక్షిణమున 17 డిగ్రీలు, తూర్పున 150 డిగ్రీలు కలియు చోట నొక చిన్న చుక్క పెట్టి, దాని ప్రక్కన కోరంగి యని అచ్చొత్తవలెనని ప్రార్థించుచున్నాను.